రోడ్డు భద్రత సాఫ్ట్‌వేర్‌తో ప్రమాదాల కారణం పట్టుకోవడం, పరిష్కారం ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రోడ్ల విభాగంలో కొత్తగా చేరిన ఇంజినీర్లు, ట్రాఫిక్ పోలీసులు, ప్రమాదాల డేటా మీద ప్రాజెక్టులు చేసే విద్యార్థులు అవే సందేహాలు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు. అందుకే జవాబులన్నీ ఒకచోట చేర్చాను. పని సాగే క్రమంలో ప్రశ్నలను విడదీశాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు, ఏ జవాబుకి ఆ జవాబే పూర్తిగా అర్థమవుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో ప్రపంచం మొత్తం మీద రోడ్డు ప్రమాదాల్లో దాదాపు 11.9 లక్షల మంది చనిపోయారు. 5 నుంచి 29 ఏళ్ల లోపు వాళ్ల మరణాలకు మొదటి కారణం ఇదే. రోడ్డు బాగుచేయడానికి దొరికే కాస్త డబ్బూ తప్పు చోటికో, పనికిరాని పరిష్కారానికో పోతే ఆ నష్టం ప్రాణాల్లోనే కనిపిస్తుంది.

## మొదలుపెట్టే ముందు

ఈ సాఫ్ట్‌వేర్ అసలు ఏం చేస్తుంది? బటన్ నొక్కితే కారణం చెప్పేస్తుందా?

చెప్పదు. ఎక్కడ చూడాలో చెబుతుంది, అక్కడ ఏ రకం ప్రమాదాలు మామూలు కంటే ఎక్కువో చూపిస్తుంది, ఏ పరిష్కారం ఎంత తగ్గించవచ్చో లెక్కకడుతుంది. అమెరికా రాష్ట్రాల రహదారి అధికారుల సంఘం ఆష్టో 2010లో తెచ్చిన హైవే సేఫ్టీ మాన్యువల్ ఈ పనిని ఆరు మెట్లుగా విడదీసింది: మొత్తం రోడ్లను జల్లెడ పట్టడం, కారణం నిర్ధారించడం, పరిష్కారం ఎంచుకోవడం, ఖర్చు-లాభం చూడడం, ప్రాధాన్యం ఇవ్వడం, ఫలితం కొలవడం. మొదటి మెట్టులోనూ చివరి మూడింటిలోనూ కంప్యూటర్ బాగా పనికొస్తుంది. రెండోది, మూడోది మాత్రం మనిషి రోడ్డు మీద నిలబడి చేయాల్సిన పనులు, సాఫ్ట్‌వేర్ తోడుగా ఉంటుంది అంతే.

ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలి?

మీ అవసరాన్ని బట్టి. ప్రమాదాలను నమోదు చేసి మ్యాప్ మీద పెట్టి విశ్లేషించడానికి బ్రిటన్‌లోని టీఆర్‌ఎల్ తయారుచేసిన మాప్ లాంటివి ఉన్నాయి. వేల కిలోమీటర్ల రోడ్లను ఒకేసారి జల్లెడ పట్టి, పరిష్కారాల లెక్క దాకా తీసుకెళ్లడానికి సేఫ్టీ అనలిస్ట్ లాంటివి పుట్టాయి. దీని తయారీని అమెరికా ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ చేపట్టింది. కొత్తగా గీసిన డిజైన్‌లో ఎన్ని ప్రమాదాలు రావచ్చో అంచనా వేయడానికి అదే సంస్థ ఇచ్చే ఐహెచ్‌ఎస్‌డీఎం ఉంది. రోడ్డు లక్షణాలను చూసి 1 నుంచి 5 దాకా నక్షత్రాలు (5 అంటే అన్నిటికంటే భద్రం) ఇచ్చేది ఐరాప్ సంస్థ సాఫ్ట్‌వేర్ విడా.

కొత్తవాళ్లకు నా సలహా: ముందు ఉచితంగా దొరికే మ్యాపుల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్, ఒక స్ప్రెడ్‌షీట్, కుదిరితే గణాంకాల కోసం ఆర్ ప్రోగ్రామింగ్ భాష. వీటితో ఒక్క జంక్షన్‌ని చివరిదాకా విశ్లేషించండి. అప్పుడు పెద్ద ప్యాకేజీలో ఏది అవసరమో మీకే తెలుస్తుంది.

మా దగ్గర ప్రమాదాల రికార్డే సరిగా లేదు. ఇక ఏమీ చేయలేమా?

చేయొచ్చు. ఐరాప్ పద్ధతిలో ప్రమాదాల చరిత్ర లేకపోయినా పని మొదలవుతుంది. రోడ్డంతా వీడియో తీసి, ప్రతి 100 మీటర్లకూ డివైడర్ ఉందా, పక్కన చెట్లు, స్తంభాలు ఎంత దూరంలో ఉన్నాయి, ఫుట్‌పాత్ ఉందా, వాహనాలు ఎంత స్పీడులో పోతున్నాయి వంటివి నమోదు చేస్తారు. కారులో వెళ్లేవాళ్లకు, బైక్ వాళ్లకు, సైకిల్ వాళ్లకు, నడిచేవాళ్లకు నక్షత్రాలు వేర్వేరుగా వస్తాయి. ఒకే రోడ్డు కారుకి 4 నక్షత్రాలు తెచ్చుకుని, నడిచేవాళ్లకు 1 దగ్గర ఆగిపోవచ్చు. ఆ తేడాని చూపించడమే ఈ పద్ధతి చేసే పెద్ద మేలు అని నా అభిప్రాయం.

## డేటా దగ్గర

ఎన్నేళ్ల డేటా కావాలి?

సాధారణంగా 3 నుంచి 5 ఏళ్లు. ఒక్క ఏడాది డేటాలో యాదృచ్ఛికత ఎక్కువ. మరీ వెనక్కి వెళితే రోడ్డే మారిపోయి ఉంటుంది. మధ్యలో వెడల్పు చేసినా, సిగ్నల్ పెట్టినా, ఆ తేదీకి ముందు, తర్వాత డేటాని కలపకండి.

లొకేషన్లు కొంచెం అటూ ఇటూ ఉన్నాయి. అంత పెద్ద సమస్యా?

పెద్దదే. 60 మీటర్లు జరిగితే జంక్షన్ ప్రమాదం కాస్తా మామూలు రోడ్డు ప్రమాదం అయిపోతుంది, పరిష్కారమూ మారిపోతుంది. రెండు తప్పులు ప్రత్యేకంగా వెతకండి. ఒకటి, ప్రమాదం జరిగిన చోట కాకుండా ఫారం నింపిన చోట, అంటే స్టేషన్ దగ్గరో ఆస్పత్రి దగ్గరో పాయింట్ పడడం. రెండోది, దూరాన్ని పూర్తి కిలోమీటరుకి సవరించి రాయడం. మ్యాప్‌లో ప్రతి కిలోమీటరు రాయి దగ్గరా గుంపు కనిపిస్తే అది రోడ్డు లోపం కాదు, రాసినవాళ్ల అలవాటు.

రికార్డుల్లో కారణం కాలమ్‌లో అన్నిటికీ 'డ్రైవర్ నిర్లక్ష్యం' అనే ఉంది. దీంతో ఏం చేసుకోవాలి?

ఆ కాలమ్‌ని పక్కన పెట్టండి. అది ఎవరి మీద కేసు పెట్టాలో తేల్చడానికి రాసింది. మనకు కావలసినవి వేరు: ఏ వాహనం ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకి పోతోంది, ఎలా ఢీకొన్నాయి, సమయం, వెలుతురు, రోడ్డు తడిగా ఉందా, గాయాల తీవ్రత. ఇవి చాలాసార్లు రిపోర్టు కథనంలో ఉంటాయి, ఓపిగ్గా చదివి కాలమ్‌లుగా మార్చుకోవాలి.

మనిషి, వాహనం, పరిసరం అనే మూడు కోణాలనూ ప్రమాదానికి ముందు, ప్రమాదం జరిగేటప్పుడు, జరిగాక అనే మూడు దశల్లో చూడమని అమెరికా ప్రజారోగ్య వైద్యుడు విలియం హాడన్ ఒక పట్టిక ఇచ్చాడు. ఆ తొమ్మిది గళ్లలో 'డ్రైవర్ తప్పు' నింపేది ఒక్క గడినే. ఒకరితో ఒకరికి సంబంధం లేని పదిమంది డ్రైవర్లు ఒకే మలుపులో ఒకే పొరపాటు చేస్తున్నారంటే, ఆ మలుపుని ప్రశ్నించాలి.

## ప్రమాదకరమైన చోట్లు గుర్తించడం

ఎక్కువ ప్రమాదాలు జరిగిన చోటే బ్లాక్ స్పాట్ కదా? ఇంకా లెక్కలెందుకు?

ప్రమాదాల సంఖ్య ఏటా ఊగుతూ ఉంటుంది కాబట్టి. అన్నీ ఒకేలాంటి 100 జంక్షన్లు ఉన్నాయనుకుందాం, ఒక్కోదాని అసలు సగటు ఏడాదికి 2 ప్రమాదాలు. అరుదుగా, యాదృచ్ఛికంగా జరిగే ఘటనల లెక్కకి వాడే పాయిసాన్ పంపిణీ ప్రకారం చూస్తే, ఏ లోపం లేకపోయినా, వాటిలో దాదాపు 5 జంక్షన్లలో ఆ ఏడాది 5 లేదా అంతకన్నా ఎక్కువ ప్రమాదాలు నమోదవుతాయి. మీ జాబితాలో పైన ఉండేవి అవే. మరుసటి ఏడు మీరు ఏమీ చేయకపోయినా అవి మళ్లీ 2 దగ్గరికి వచ్చేస్తాయి. గణాంకాల్లో దీన్ని సగటు వైపు తిరోగమనం అంటారు. ఈలోగా నిజంగా లోపమున్న జంక్షన్, ఆ ఏడాది కాస్త తక్కువ నమోదైనందుకు, జాబితాలోకే రాకపోవచ్చు.

ఎంపిరికల్ బేయ్స్ పద్ధతి అంటే ఏమిటి? సూత్రాలు చూస్తేనే టెన్షన్‌గా ఉంది.

టెన్షన్ అక్కర్లేదు, ఇది రెండు సమాచారాలను కలిపే పద్ధతి. ఒకటి, ఈ జంక్షన్‌లో నిజంగా ఎన్ని జరిగాయి. రెండోది, ఇలాంటి ఆకారం, ఇంత ట్రాఫిక్ ఉన్న జంక్షన్లలో సాధారణంగా ఎన్ని జరుగుతాయి. ఈ రెండోదాన్ని ఒక మోడల్ అంచనా వేస్తుంది. దేనికి ఎంత బరువు ఇవ్వాలో ఈ సూత్రం చెబుతుంది:

బరువు = 1 ÷ (1 + కె × మోడల్ అంచనా)

ఇక్కడ కె అనేది మోడల్‌తో పాటే వచ్చే అంకె, ఓవర్‌డిస్పర్షన్ అంటారు. ఒకేలా కనిపించే జంక్షన్లు నిజానికి ఒకదానికొకటి ఎంత వేరుగా ఉన్నాయో అది చెబుతుంది. ఉదాహరణకి మూడేళ్లకు మోడల్ అంచనా 6, నిజంగా జరిగినవి 12, కె విలువ 0.5 అనుకుందాం. బరువు 1 ÷ (1 + 3) = 0.25. అంటే మోడల్ మాటకి పావు వంతు, మీ రికార్డుకి ముప్పావు వంతు విలువ. ఫలితం 0.25 × 6 + 0.75 × 12 = 10.5. ఆ జంక్షన్‌లో మూడేళ్లకు మనం ఆశించాల్సిన ప్రమాదాలు 12 కాదు, 10.5. సాటి జంక్షన్ల కంటే అదనంగా ఉన్నవి 4.5. జాబితాని ఈ అదనాన్ని బట్టి పేర్చితే, బాగుచేస్తే ఎక్కువ మేలు జరిగే చోట్లు పైకి వస్తాయి. ఈ పద్ధతి రోడ్డు భద్రతలో ఇంతగా స్థిరపడడానికి కెనడా పరిశోధకుడు ఎజ్రా హావర్ చేసిన కృషి ముఖ్య కారణం.

ఒక హెచ్చరిక: వేరే దేశపు రోడ్ల మీద తయారైన మోడల్‌ని ఉన్నదున్నట్టు వాడకండి. మీ రోడ్ల డేటాతో సవరించుకున్నాకే దాని అంచనాకి అర్థం ఉంటుంది.

హీట్‌మ్యాప్‌లో ఎర్రగా కనిపిస్తే చాలదా?

చాలదు. హీట్‌మ్యాప్ చాలావరకు ట్రాఫిక్ ఎక్కడ ఎక్కువో చూపిస్తుంది. పైగా ఒక్కో పాయింటు చుట్టూ తీసుకునే వ్యాసార్థం మారిస్తే ఎరుపు కూడా పక్కకి జరుగుతుంది. సమావేశంలో చూపించడానికి బాగుంటుంది, డబ్బు కేటాయించడానికి ఆధారంగా వద్దు.

మరణానికి ఎక్కువ బరువు ఇచ్చి ర్యాంకు వేయడం సరైనదేనా?

ఉద్దేశం సరైనదే. కానీ ఒక మరణానికి వందల పాయింట్లు ఇస్తే జాబితా మొత్తం ఒకటి రెండు ఘటనల మీద ఆధారపడుతుంది. అదే మలుపులో ఒకరు బతకడం, ఒకరు చనిపోవడం హెల్మెట్ వల్లో, ఆస్పత్రి దూరం వల్లో జరిగి ఉండొచ్చు. మరణాలు, తీవ్ర గాయాలు రెండింటినీ ఒకే వర్గంగా కలిపి లెక్కిస్తే ఈ ఊగిసలాట బాగా తగ్గుతుంది.

## కారణం పట్టుకోవడం

చోటు దొరికింది. ముందుగా ఏం చూడాలి?

ఢీకొన్న తీరు చిత్రం. జంక్షన్ బొమ్మ మీద ఒక్కో ప్రమాదాన్నీ బాణాలతో గీస్తారు: ఎవరు ఎటు నుంచి వచ్చారు, ఎక్కడ ఢీకొన్నారు, పగలా రాత్రా, గాయాలు ఎంత. చాలా ప్యాకేజీలు దీన్ని వాటంతట అవే గీస్తాయి. అయినా మొదటిసారి చేత్తో గీయమంటాను. గీస్తూ ఉంటే ప్రతి రిపోర్టూ చదవక తప్పదు, చదువుతున్నప్పుడే మనసుకి ఏదో తడుతుంది: ఇవన్నీ ఒకే వైపు నుంచి వచ్చే వాహనాలే కదా, అన్నీ సాయంత్రమే కదా అని. పట్టికలో కనిపించని పోలిక బొమ్మలో కనిపిస్తుంది.

మా జంక్షన్‌లో వెనక నుంచి గుద్దుకునేవి 40 శాతం. మిగతా జంక్షన్లలో 20 శాతమే. అంటే ఇదే సమస్యా?

శాతం ఒక్కటే చూసి చెప్పలేం, మొత్తం ఎన్ని ప్రమాదాలో కావాలి. 10లో 4 అనుకోండి. అసలు వాటా 20 శాతమే అయినా, 10 ప్రమాదాల్లో 4 లేదా అంతకన్నా ఎక్కువ అలాంటివి రావడానికి దాదాపు 12 శాతం అవకాశం ఉంది. అది గట్టి ఆధారం కాదు. 10లో 6 వస్తే ఆ అవకాశం 1 శాతం కంటే తక్కువకి పడిపోతుంది, అప్పుడు అనుమానించాలి. సాఫ్ట్‌వేర్‌లో 'అధిక వాటా పరీక్ష' పేరుతో ఉండేది ఇలాంటిదే, స్ప్రెడ్‌షీట్‌లో ద్విపద (బైనామియల్) పంపిణీ ఫంక్షన్‌తో మీరే చేసుకోవచ్చు.

ఏ రకం ప్రమాదానికి ఏ కారణం వెతకాలి?

సిగ్నల్ జంక్షన్‌లో అడ్డంగా ఢీకొనేవి ఎక్కువైతే ముందు పసుపు లైటు సమయం, అన్ని వైపులా ఎరుపు ఉండే సమయం చూడండి. తర్వాత సిగ్నల్ దూరం నుంచి కనిపిస్తోందా, కొమ్మో బోర్డో అడ్డొస్తోందా చూడండి. సిగ్నల్ లేని చోటైతే పక్క రోడ్డు నుంచి వచ్చేవాళ్లకు చూపు ఎంత దూరం అందుతోంది అన్నది మొదటి ప్రశ్న. చూపు బాగానే ఉన్నా ఢీకొంటున్నారంటే, మెయిన్ రోడ్డు స్పీడు వల్ల వాహనాల మధ్య ఎడాన్ని సరిగా అంచనా వేయలేకపోతున్నారేమో చూడాలి.

వెనక నుంచి గుద్దుకుంటున్నాయంటే అనుకోకుండా ఆగాల్సి వస్తోందని అర్థం: పక్కకి తిరగడానికి విడి లేన్ లేకపోవడం, మలుపు దాటగానే క్యూ, బస్సు రోడ్డు మీదే ఆగడం, రోడ్డు జారడం. తడి రోజుల వాటా ఎక్కువుంటే రోడ్డు పైపొర పట్టు, నీరు నిలవడం కొలిపించండి. మలుపుల్లో ఒంటరిగా పక్కకి దూసుకెళ్లిపోతుంటే, మలుపు ముందు స్పీడుకీ మలుపు భరించగల స్పీడుకీ ఉన్న తేడాని, రోడ్డు వాలుని, రాత్రి మలుపు ఎటు తిరుగుతోందో తెలిపే గుర్తులను చూడండి.

నడిచేవాళ్లు దెబ్బతింటుంటే వాళ్లు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతున్నారన్నదే అసలు ప్రశ్న. బస్‌స్టాప్ ఒకవైపు, వెళ్లాల్సిన చోటు రెండోవైపు ఉండి, క్రాసింగ్ 300 మీటర్ల అవతల ఉంటే, వాళ్లు ఉన్నచోటే దాటుతారు. వాళ్లని తిట్టి లాభం లేదు, క్రాసింగ్‌ని వాళ్ల దారిలోకి తేవాలి.

సైట్‌కి వెళ్లడం తప్పదా? ఇంటర్నెట్‌లో రోడ్డు ఫొటోలు ఉన్నాయి కదా.

తప్పదు. ఫొటోలు పగటిపూట, వాన లేనప్పుడు, కారు పైకప్పు ఎత్తు నుంచి తీసినవి. ప్రమాదాలు రాత్రి 8కి జరుగుతుంటే రాత్రి 8కే వెళ్లండి. ప్రతి దిక్కు నుంచీ వాహనం నడుపుతూ ఒకసారి రండి, తర్వాత నడిచి దాటండి, వీలైతే చిన్నపిల్లల కంటి ఎత్తుకి వంగి చూడండి. టైరు గుర్తులు, పగిలిన అద్దాలు, వంగిన రెయిలింగు, డివైడర్ మీద జనం నడిచి అరిగిన దారి, ఇవన్నీ రికార్డుకి ఎక్కని సాక్ష్యాలు. పక్కన అంగడి నడిపేవాళ్లతోనూ మాట్లాడండి, పోలీసు దాకా వెళ్లని ప్రమాదాలు వాళ్లకి తెలుస్తాయి.

తృటిలో తప్పిన ఘటనలను వీడియో నుంచి లెక్కించే సాఫ్ట్‌వేర్‌ని నమ్మొచ్చా?

జాగ్రత్తగా వాడితే చాలా ఉపయోగం. ఇవి ముఖ్యంగా రెండు కొలతలు తీస్తాయి: ఇలాగే పోతే ఎన్ని సెకన్లలో ఢీకొనేవి, ఒకరు దాటిన చోటికి రెండోవాళ్లు ఎన్ని సెకన్ల తేడాతో వచ్చారు. ట్రాఫిక్ సిమ్యులేషన్ ఫలితాల నుంచి ఇవే కొలతలు తీసే ఉచిత సాధనం ఎస్‌ఎస్‌ఏఎం, అది ముందుగా పెట్టుకునే హద్దులు మొదటి కొలతకి 1.5 సెకన్లు, రెండోదానికి 5 సెకన్లు. ఎవరో చనిపోయేదాకా ఆగకుండా కొన్ని రోజుల్లోనే సమస్య తెలియడం వీటి గొప్ప లాభం. కానీ సిమ్యులేషన్‌లో డ్రైవర్లు నియమాలకు లోబడి నడుస్తారు, రాంగ్‌సైడ్ రావడం, ఫోన్ చూడడం అక్కడ ఉండవు. అందుకే నిజమైన వీడియోకి ఎక్కువ విలువ ఇస్తాను.

మరణాలు ఎక్కడా గుంపుగా లేవు, రోడ్డంతా ఒక్కొక్కటిగా ఉన్నాయి. బ్లాక్ స్పాటే లేదు. ఏం చేయాలి?

చోటుని వెతకడం ఆపి లక్షణాన్ని వెతకండి. ఆ మరణాలన్నీ బిగువైన మలుపుల్లోనా, లైట్లు లేని క్రాసింగుల దగ్గరా, డివైడర్ లేని వెడల్పు రోడ్ల మీదా? ఉమ్మడి లక్షణం దొరికితే, ప్రమాదం జరిగినా జరగకపోయినా, ఆ లక్షణమున్న చోట్లన్నిటికీ తక్కువ ఖర్చు పరిష్కారం ఒకేసారి చేయండి. పల్లె రోడ్లకు ఇదే సరైన దారి.

## పరిష్కారం ఎంచుకోవడం

సీఎంఎఫ్ అంటే ఏమిటి?

క్రాష్ మోడిఫికేషన్ ఫ్యాక్టర్, అంటే ఒక పరిష్కారం చేశాక ప్రమాదాలు ఎంత మిగులుతాయో చెప్పే గుణకం. 0.70 అంటే 30 శాతం తగ్గుతాయి, 1.10 అంటే 10 శాతం పెరుగుతాయి. దాన్ని ఆశించే ప్రమాదాల సంఖ్యతో గుణించాలి, రికార్డైన సంఖ్యతో కాదు. ఏ రకం ప్రమాదాలకు వర్తిస్తుందో వాటికే గుణించాలి. రాత్రి ప్రమాదాల గుణకాన్ని పగటివాటికీ వేసేయడం నేను తరచూ చూసే పొరపాటు.

ఒకే పరిష్కారానికి నాలుగైదు వేర్వేరు విలువలు కనిపిస్తున్నాయి. ఏది తీసుకోవాలి?

మీ రోడ్డుకి దగ్గరగా ఉన్న రోడ్ల మీద కొలిచినది. అమెరికా ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ నడిపే క్లియరింగ్‌హౌస్‌లో, అంటే ఈ గుణకాలన్నీ ఒకచోట చేర్చిన వెబ్‌సైట్‌లో, ఒక్కో విలువకి నాణ్యతను బట్టి 1 నుంచి 5 నక్షత్రాలు ఉంటాయి. నక్షత్రాలు ఎక్కువని పల్లె రోడ్డు విలువని నగర జంక్షన్‌కి పెట్టకండి. రోడ్డు రకం, లేన్లు, ట్రాఫిక్, ప్రమాద రకం, తీవ్రత ఇవి కలిశాకే నక్షత్రాలు చూడండి. మీకు నచ్చిన ప్రాజెక్టు నెగ్గడానికి అనుకూలమైన విలువ ఏరుకోవడం మాత్రం చేయకండి.

ఒకటి 20 శాతం, ఇంకొకటి 30 శాతం తగ్గిస్తుంది. రెండూ చేస్తే 50 శాతమా?

కాదు. 0.80 × 0.70 = 0.56, అంటే 44 శాతం. అదీ రెండూ వేర్వేరు కారణాల మీద పనిచేస్తేనే. రెండూ ఒకే రకం ప్రమాదాన్ని ఆపేవైతే లాభం ఇంకా తగ్గుతుంది.

అందరూ సిగ్నల్ పెట్టమనే అడుగుతున్నారు. పెడితే సరిపోదా?

కొన్నిచోట్ల సరైనదే. అయితే సిగ్నల్ ప్రమాదాల రకాన్ని కూడా మారుస్తుంది: అడ్డంగా ఢీకొనేవి తగ్గి, వెనక నుంచి గుద్దుకునేవి పెరుగుతాయి. రెడ్‌లైట్ కెమెరాల మీద ఫెడరల్ హైవే అడ్మినిస్ట్రేషన్ 2005లో ప్రచురించిన అధ్యయనంలోనూ ఇదే తేలింది, అడ్డంగా ఢీకొనేవి సుమారు 25 శాతం తగ్గాయి, వెనక నుంచి గుద్దుకునేవి సుమారు 15 శాతం పెరిగాయి. అడ్డంగా తగిలే దెబ్బ ఎక్కువ ప్రాణాంతకం కాబట్టి మొత్తం మీద మేలే జరగొచ్చు. అది మీ జంక్షన్‌లో ఏ రకం ఎక్కువో చూసి తేల్చాలి.

స్థలం ఉంటే రౌండబౌట్‌ని తప్పకుండా పోల్చి చూడండి. అదే సంస్థ లెక్కల్లో, సిగ్నల్ జంక్షన్‌ని రౌండబౌట్‌గా మారిస్తే మరణాలు, గాయాలు కలిగించే ప్రమాదాలు 78 శాతం తగ్గాయి. అక్కడ వాహనాలు నెమ్మదిగా, ఏటవాలు కోణంలో కలుస్తాయి, ఎవరైనా పొరపాటు చేసినా దెబ్బ చిన్నదిగా ఉంటుంది. పొరపాటు జరిగినా ప్రాణం పోకూడదన్న ఆలోచనతోనే స్వీడన్ పార్లమెంటు 1997లో విజన్ జీరో అనే రోడ్డు భద్రత విధానాన్ని ఆమోదించింది.

స్పీడు కాస్త తగ్గితే నిజంగా అంత తేడా వస్తుందా?

వస్తుంది. స్వీడన్ పరిశోధకుడు యోరాన్ నిల్సన్ మోడల్ ప్రకారం సగటు వేగం మారిన నిష్పత్తి నాలుగో ఘాతంతో మరణ ప్రమాదాలు మారతాయి. సగటు 80 నుంచి 76 కిలోమీటర్లకి, అంటే 5 శాతం తగ్గితే, 0.95 నాలుగో ఘాతం 0.81. మరణ ప్రమాదాలు దాదాపు 19 శాతం తగ్గుతాయి. అయితే ఇది నిజంగా తగ్గిన వేగానికి వర్తించే లెక్క. బోర్డు మీద అంకె మార్చి రోడ్డుని అలాగే వెడల్పుగా వదిలేస్తే ఈ లాభం సాఫ్ట్‌వేర్‌లో వేసుకోకూడదు.

## ఖర్చు, ప్రాధాన్యం

లాభం-ఖర్చు నిష్పత్తి ఎక్కువున్న పని ముందు చేసేయాలా?

నిష్పత్తి ఒక్కటే చూడకండి. ఒక పనికి ఖర్చు 1, లాభం 10. ఇంకోదానికి ఖర్చు 50, లాభం 200. నిష్పత్తిలో మొదటిది గెలుస్తుంది, 10కి 4. కానీ నికర మేలు 9 ఎక్కడ, 150 ఎక్కడ? నిష్పత్తి మీదే పేర్చితే బోర్డులు, రంగులు తప్ప పెద్ద పని ఎప్పటికీ జరగదు. ఉన్న బడ్జెట్‌లో మొత్తం నికర మేలు ఎక్కువ వచ్చే కూర్పుని వెతకమని సాఫ్ట్‌వేర్‌కి చెప్పండి.

ప్రాణానికి ధర కట్టడం తప్పు కదా?

ఈ బాధ నాకూ అర్థమవుతుంది. కానీ ధర వేయకపోతే లెక్కలో ఆ ప్రాణం విలువ సున్నా అవుతుంది, ప్రయాణ సమయం ఆదాకి మాత్రం విలువ ఉంటుంది. అప్పుడు ప్రతిసారీ వేగమే గెలుస్తుంది. ఆ అంకెని చూపించేటప్పుడు పక్కనే ఎన్ని మరణాలు, ఎన్ని తీవ్ర గాయాలు తప్పుతాయో కూడా విడిగా రాయండి.

## పని అయ్యాక

మూడేళ్లలో 12 జరిగేవి, పని చేశాక మూడేళ్లలో 7 జరిగాయి. 42 శాతం తగ్గిందని రిపోర్టు రాయొచ్చా?

రాయకండి. ప్రమాదాలు ఎక్కువున్నాయనే ఆ చోటుని ఎంచుకున్నారు కాబట్టి, ఏమీ చేయకపోయినా కొంత తగ్గేవే. సాటి జంక్షన్లతో కలిపి అంచనా వేస్తే, పని చేయకపోతే 10.5 జరిగేవని తేలిందనుకుందాం. అప్పుడు తగ్గింపు 33 శాతం. ట్రాఫిక్ పెరిగి ఉంటే దానికీ సవరణ చేయాలి. పైగా ఒక్క జంక్షన్ ఫలితంతో ఏదీ రుజువు కాదు, అదే పరిష్కారం చేసిన చోట్లన్నీ కలిపి చూడాలి.

ఫలితం తెలియడానికి ఎన్నాళ్లు ఆగాలి?

ప్రమాదాల లెక్కకి కనీసం 3 ఏళ్లు, పనులు నడిచిన నెలలు తీసేసి. వేగం, తృటిలో తప్పినవి అయితే కొన్ని వారాల్లోనే కొలవొచ్చు. అందుకే పని మొదలయ్యే ముందే వాటిని ఒకసారి కొలిచి దాచుకోండి, తర్వాత కావాలన్నా ఆ పాత అంకెలు దొరకవు.

పని చేశాక కొత్త రకం ప్రమాదాలు మొదలయ్యాయి. మూడేళ్లు ఆగాలా?

ఆగొద్దు. ఆ మూడేళ్ల లెక్క పరిష్కారం ఎంత పనిచేసిందో కొలవడానికే. కొత్తవాటిని విడిగా గీసి చూడండి. డివైడర్ ఖాళీ మూసేశాక రాంగ్‌సైడ్ ప్రయాణం పెరిగిందా, యూటర్న్ దగ్గరికి ప్రమాదాలు జరిగిపోయాయా చూడాలి. అందుకే పని చేసిన చోటితో పాటు దానికి ముందు, తర్వాత ఉన్న జంక్షన్లను కూడా విశ్లేషణ హద్దులోకి తీసుకోండి. ఒకే తీరులో రెండు మూడు కనిపించినా వెంటనే సైట్‌కి వెళ్లి, రాత్రికి రాత్రే చేయగల సర్దుబాటు, అంటే తాత్కాలిక కోన్లు, లైటు, సిగ్నల్ టైమింగ్ మార్పు లాంటివి చేసేయండి. శాశ్వత మార్పు డిజైన్ ఆ తర్వాత గీయొచ్చు.